పేగులోకి నడిచొచ్చే నరాలు

పోయిన సంచికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ, పేగు గోడలో ఉండే నరకణాలు అక్కడ పుట్టినవి కావని, పిండం దశలో మెదడు వెనక వైపు నుంచి బయల్దేరి పేగులోకి వచ్చి స్థిరపడినవని రెండు వాక్యాలు రాశాను. మిగతా జవాబు గురించి ఎవరూ పెద్దగా అడగలేదు కానీ ఆ రెండు వాక్యాల మీద మాత్రం చాలా ఉత్తరాలు వచ్చాయి. అనాటమీ పాఠం చెప్పే నాకు ఇంతకంటే ఇష్టమైన విషయం ఇంకోటి లేదు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే.

ప్రశ్న: నేను డిగ్రీలో జువాలజీ చదువుతున్నాను సార్. పేగు కండరాలు మధ్యత్వచం (పిండంలోని మూడు పొరల్లో నడిమిది) నుంచి వస్తాయని మా పుస్తకంలో ఒక అధ్యాయంలో ఉంది, పేగు నరాలు న్యూరల్ క్రెస్ట్ నుంచి వస్తాయని ఇంకో అధ్యాయంలో ఉంది. చివరికి రెండూ పక్కపక్కనే ఉంటాయి కదా, మరి ఏది ముందు తయారవుతుంది? కండరం పూర్తయ్యాక నరాలు వచ్చి తగులుకుంటాయా?

జవాబు: గోడలు కట్టేశాక కరెంటు వైర్లు లాగినట్టు ఉంటుందని చాలామంది అనుకుంటారు. పుస్తకాల్లో రెండు అధ్యాయాలుగా విడగొట్టడం వల్ల ఆ అభిప్రాయం ఇంకా గట్టిపడుతుంది. కానీ నరకణాలుగా మారబోయే కణాలు పేగులోకి అడుగుపెట్టేసరికి అక్కడ కండరమే ఉండదు.

నాలుగో వారంలో మనిషి పిండం పొడవు కొన్ని మిల్లీమీటర్లే. అప్పటి పేగు ఒక సాదా గొట్టం. లోపల ఒక వరుస కణాలు, వాటి చుట్టూ ఇంకా ఏ రూపమూ తీసుకోని మెత్తని కణజాలం, అంతే. అదే సమయంలో పిండం వీపు వైపు మెదడు, వెన్నుపాము కాబోయే గొట్టం మూసుకుంటూ ఉంటుంది. ఆ గొట్టం అంచుల నుంచి కొన్ని కణాలు విడిపోయి శరీరంలోకి వలస వెళ్తాయి. వాటినే న్యూరల్ క్రెస్ట్ కణాలు అంటాం. మెదడు వెనక భాగం, మెడ మొదలయ్యే చోటు నుంచి విడిపోయినవి నాలుగో వారంలో పేగు పైభాగంలోకి దిగి, అక్కడి నుంచి కిందికి నడుచుకుంటూ వెళ్లి ఏడో వారానికి పెద్దపేగు చివరకు చేరతాయి. నడుము కింది భాగం నుంచి బయల్దేరిన మరికొన్ని కణాలు ఎదురుగా వచ్చి పెద్దపేగులో కలుస్తాయి గానీ వాటి వాటా తక్కువ. మొత్తం పిండంలో ఇంత దూరం నడిచే కణాలు ఇంకేవీ లేవు.

ఇవి ఎక్కడి నుంచి వచ్చాయో ఎలా తెలిసిందో కూడా చెప్తాను, ఎందుకంటే ఆ ప్రయోగం అంత అందమైనది. నికోల్ లె దువారిన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త 1969లో ఒక చిన్న విషయం గమనించారు. కౌజు పిట్ట కణాల కేంద్రకంలో ఒక ముద్దలాంటి చుక్క ఉంటుంది, రంగు వేస్తే గాఢంగా కనిపిస్తుంది. కోడి కణాల్లో అది ఉండదు. అంటే కౌజు పిట్ట పిండం నుంచి చిన్న ముక్క తీసి కోడి పిండంలో అదే చోట అతికిస్తే, ఆ ముక్క నుంచి కణాలు ఎంత దూరం పోయినా చుక్కను బట్టి పట్టుకోవచ్చు. 1973లో ఆమె, మరీ ఎమే తెయ్యె కలిసి ఈ పద్ధతిలోనే న్యూరల్ క్రెస్ట్‌ను ఒక్కో చోటా మార్చి చూశారు. మెడ దగ్గరి ముక్క మార్చినప్పుడు కోడి పేగు పొడవునా నరకణాల్లో కౌజు పిట్ట చుక్కలు కనిపించాయి. ఆ స్లైడ్ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు దాని ముందు నుంచి కదల్లేకపోయాను.

ఇక ఆ కణాలు నడిచే తీరు. ఎలుక పిండంలో కొలిస్తే వాటి వేగం గంటకు సుమారు 40 మైక్రోమీటర్లు, అంటే ఒక్క మిల్లీమీటరు దూరానికి ఒక రోజు పడుతుంది. ఒంటరిగా పోవు, ఒకదాని వెనక ఒకటి గొలుసుకట్టుగా వెళ్తాయి. పైగా అవి నడుస్తున్నంతసేపూ పేగు కూడా సాగుతూనే ఉంటుంది, గమ్యం దూరం జరుగుతూ పోతుంది. కాబట్టి నడవడం ఒక్కటే చాలదు, నడుస్తూనే విపరీతంగా పెరిగి రెట్టింపు అవుతుండాలి. మొదట బయల్దేరినవి కొన్ని వేలే అయినా, పూర్తిగా ఎదిగిన మనిషి పేగులో నరకణాలు 10 కోట్లకు పైమాటే. వెనక జనం తగ్గితే ముందు వరుస ఆగిపోతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద ఒక తల్లికిచ్చిన జవాబులో మళ్లీ వస్తుంది.

మరి దారి ఎవరు చూపిస్తారు? ఇక్కడే మీ ప్రశ్నకు అసలు జవాబు ఉంది. చూపించేది పేగు చుట్టూ ఉన్న ఆ మెత్తని కణజాలమే, అంటే రేపు కండరంగా మారబోయే కణాలున్న ప్రాంతమే. అది జీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ విడుదల చేస్తుంది. వలస కణాల ఒంటి మీద దాన్ని పట్టుకునే రెట్ అనే గ్రాహకం ఉంటుంది. జీడీఎన్ఎఫ్ అందితేనే అవి బతుకుతాయి, పెరుగుతాయి, ముందుకు కదులుతాయి. ఎలుకల్లో ఈ రెండింటిలో ఏ జన్యువు తీసేసినా కడుపు (జీర్ణాశయం) కింది నుంచి పేగంతా నరకణాలు లేకుండా పుడుతుంది, దాంతో పాటు మూత్రపిండాలు కూడా ఉండవు, ఎందుకంటే మూత్రపిండం మొలకెత్తడానికి కూడా ఇదే జంట కావాలి. ఇంకో ప్రోటీన్ ఉంది, ఎండోథెలిన్-3. దాని పని కణాలను తొందరపడనివ్వకపోవడం. దారి మధ్యలోనే నరకణాలుగా ముదిరిపోతే నడక ఆగిపోతుంది కదా, అలా కాకుండా చివరిదాకా లేతగా ఉంచుతుంది.

ఇప్పుడు కండరం సంగతి. పేగు లోపలి పొర సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీన్‌ను బయటి వైపు పంపుతుంది. ఆ సందేశం మరీ గాఢంగా ఉన్న చోట, అంటే లోపలి పొరను ఆనుకుని కండరం ఏర్పడదు. కొంచెం దూరంలో, మోతాదు తగ్గిన చోట ఏర్పడుతుంది. అందుకే ముందుగా పేగు చుట్టూ ఉంగరంలా వలయ కండరం వస్తుంది. మనిషిలో అది ఎనిమిదో వారంలో పైభాగంలో మొదలై కిందికి పాకుతుంది. అప్పటికే వచ్చి కూర్చున్న నరకణాలు ఆ వలయానికి బయటి వైపు మిగిలిపోతాయి. ఆ తర్వాత వాటికి బయట పేగు పొడవునా సాగే నిలువు కండరం ఏర్పడుతుంది. ఫలితంగా నరాల వల రెండు కండర పొరల మధ్యలో చిక్కుకున్నట్టు ఉంటుంది. అవర్‌బాక్ ప్లెక్సస్ అని మీరు బట్టీ పట్టేది దాన్నే. కొన్ని నరకణాలు మాత్రం వలయ కండరాన్ని దాటుకుని లోపలికి వెళ్లి రెండో వల కడతాయి, అది మీస్నర్ ప్లెక్సస్. నరాలు లోపలి పొర మీదికి ఎక్కిపోకుండా ఆపేది కూడా హెడ్జ్‌హాగే. ఆ జన్యువు లేని ఎలుకల్లో నరకణాలు ఉండకూడని చోట, లోపలి పొర కిందికంటా చేరిపోయి కనిపించాయి. ఒకే సందేశంతో కండరం ఎక్కడ ఉండాలో, నరం ఎక్కడ ఉండకూడదో రెండూ తేలిపోతున్నాయి.

అయితే ఇదంతా కండరం వైపు నుంచి నరానికి అందే సాయం. నరం వైపు నుంచి కండరానికి ఏమైనా ఉందా? ఉంది. కోడి పిండాల్లో కడుపులోకి వచ్చే న్యూరల్ క్రెస్ట్ కణాల సంఖ్య తగ్గించి చూస్తే, కడుపు కండరం సరిగా పరిణతి చెందలేదు. కానీ దీన్ని మరీ సాగదీసి నరం లేకపోతే కండరమే లేదని పరీక్షలో రాయకండి. పేగులో నరాలు పూర్తిగా లేని ఎలుకల్లోనూ, పిల్లల్లోనూ కండర పొరలు ఉంటాయి. పుట్టడానికి నరం అవసరం లేదు, సరిగ్గా పనిచేయడానికి అవసరం.

మనిషిలో 14వ వారానికల్లా వలయ కండరం, నిలువు కండరం, రెండు నరాల వలలు ఎదిగిన పేగును పోలిన అమరికలోకి వచ్చేస్తాయి. కాబట్టి ఏది ముందు అని అడిగితే నా జవాబు ఇది: నరకణాల పూర్వీకులు ముందు వస్తాయి, కండరం తర్వాత వస్తుంది. కానీ కండరం కాబోయే కణజాలం పిలవకపోతే ఆ పూర్వీకులు రానే రావు.

ప్రశ్న: నరాలు పనిచేయడం మొదలుపెట్టక ముందే పిండం పేగు కదులుతుందని ఎక్కడో చదివాను. ఏడో తరగతి చదివే మా అమ్మాయికి చెప్తే, "మెదడు చెప్పకుండా కండరం ఎలా కదులుతుందమ్మా?" అని అడిగింది. ఏం చెప్పాలి?

జవాబు: ముందు తన చెయ్యి గుండె మీద పెట్టుకోమనండి. గుండె కూడా మెదడు చెప్తే కొట్టుకునేది కాదు, దాని కండరంలోనే ఆ లయ ఉంది. మెదడు వేగం పెంచగలదు, తగ్గించగలదు, అంతవరకే. పేగు కండరం కూడా కొంత అలాంటిదే.

కోడి పిండం గుడ్డులో 21 రోజులు ఉంటుంది. సుమారు ఆరో రోజున దాని పేగు తీసి, గోరువెచ్చని పోషక ద్రవంలో ఉంచి మైక్రోస్కోప్ కింద చూస్తే, దారంలాంటి ఆ గొట్టం మీద ఒక చోట సన్నని నొక్కు పడుతుంది. ఆ నొక్కు నెమ్మదిగా అటూ ఇటూ పాకుతుంది. కాసేపటికి ఇంకో చోట ఇంకో నొక్కు. రెండు నొక్కులు ఎదురుపడితే రెండూ ఆగిపోతాయి. ఓపికగా చూడాలి, ఎందుకంటే చాలా మెల్లగా జరుగుతుంది. ఇది నరాల పనేమో అని అనుమానం వస్తుంది కదా, దానికి పరీక్ష ఉంది. పఫర్ చేపలో ఉండే టెట్రోడోటాక్సిన్ అనే విషం నరాల సంకేతాలను ఆపేస్తుంది. ఆ విషం కలిపినా ఈ తొలి కదలికలు ఆగవు. ఎలుకల్లో కూడా 13వ రోజు దాటేసరికి కదలిక కనిపిస్తుంది, నరాలు దాన్ని నడిపించడం మాత్రం 18వ రోజు తర్వాతే, అంటే పుట్టుకకు కాస్త ముందే మొదలవుతుంది. పేగు నరాలే లేని ఎలుక పిండాల్లోనూ ఆ తొలి కదలికలు ఉన్నాయి. కండర కణాల్లోకి కాల్షియం చేరుతుంది, ఒక కణం బిగుసుకుంటే పక్క కణానికి ఆ సంకేతం పాకుతుంది, అంతే.

ఇప్పుడు మీ అమ్మాయి తప్పకుండా ఇంకో ప్రశ్న అడుగుతుంది: తినడానికి ఏమీ లేనప్పుడు పేగు ఎందుకు కదలడం? ఇది నాకు చాలా నచ్చే భాగం. ఆ కదలిక పేగును తయారు చేస్తోంది. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో కోడి పిండం పేగు తీసుకుని వలయ కండరం నొక్కులు ఆపేశారు. అప్పుడు బయట ఏర్పడే రెండో పొర నిలువుగా సర్దుకోలేదు. అంటే లోపలి ఉంగరం పదే పదే బిగుసుకుంటూ వదులవుతూ ఉంటే, ఆ లాగుడుకు స్పందించి బయటి కణాలు పొడవునా వరుస కడుతున్నాయన్నమాట. అంతకుముందు 2013లో వచ్చిన పరిశోధనలో ఇంకో సంగతి తేలింది. కోడి పేగు లోపల వేళ్లలా ఉండే చూషకాలు కూడా కండరాల ఒత్తిడి వల్లే మడతలు పడి ఏర్పడతాయి. వలయ కండరం వచ్చినప్పుడు లోపలి పొర నిలువు గట్లుగా ముడుచుకుంటుంది, నిలువు కండరం వచ్చాక ఆ గట్లు వంకర టింకరగా తిరుగుతాయి, మూడో కండర పొర తోడయ్యాక విడివిడి చూషకాలకు పునాది పడుతుంది. తనకు నిలువు కండరం ఎందుకు నిలువుగా ఉందో, చూషకాలు ఎలా వచ్చాయో చెప్పండి, పాఠ్యపుస్తకంలో ఉన్న బొమ్మ ఇక వేరేగా కనిపిస్తుంది.

మరి నరాలు వచ్చి చేసేదేమిటి అంటే, ఆ కదలికకు దిశ ఇస్తాయి, సడలింపు నేర్పిస్తాయి. 1899లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు చూపించినది ఇదే: పేగులో ఏదైనా ముద్ద ఉంటే దానికి పైవైపు బిగుసుకుంటుంది, కింది వైపు వదులవుతుంది. అందుకే అది కిందికే వెళ్తుంది. వదలడం అనేది బిగించినంత ముఖ్యం. నరాలూ కండరమూ కాక మూడో రకం కణాలు కూడా ఉన్నాయి, కజాల్ కణాలు. స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కజాల్ పేరు వాటికి పెట్టారు. ఇవి కండరంతో ఒకే మూలం నుంచి పుడతాయి, పుట్టాక లయ కొట్టే పని వీటిది. పెద్దవాళ్ల కడుపులో నిమిషానికి 3 సార్లు, చిన్నపేగు మొదట్లో సుమారు 12 సార్లు ఆ లయ నడుస్తుంది.

ప్రశ్న: మా బాబు పుట్టి మూడు రోజులైనా విరేచనం చేయలేదు. పొట్ట ఉబ్బింది, పచ్చగా వాంతులు అయ్యాయి. పరీక్షలు చేసి హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు, పేగు చివర నరాలు లేవు అన్నారు. ఆపరేషన్ చేశారు, ఇప్పుడు ఏడాది నిండింది, బాగానే ఉన్నాడు. కానీ కడుపుతో ఉన్నప్పుడు నేను ఏదో తప్పు చేశానేమో అని నిద్ర పట్టడం లేదు. ఇంట్లో వాళ్లు కూడా అదే అంటున్నారు.

జవాబు: అమ్మా, మీరు ఏ తప్పూ చేయలేదు. ఇంట్లో వాళ్లకు ఈ పేజీ చూపించండి.

పైన రాశాను చూడండి, వలస కణాలు ఏడో వారానికి పేగు చివరకు చేరాలని. ఆ నడక పూర్తికాకుండా ఎక్కడో ఆగిపోతే, ఆగిన చోటు నుంచి చివరిదాకా నరకణాలు లేని పేగు మిగులుతుంది. ఈ జబ్బు అదే. చాలామంది ఆడవాళ్లకు గర్భం అని ఖాయంగా తెలిసేసరికే సగం నడక అయిపోయి ఉంటుంది. ఐదు వేల మందిలో సుమారు ఒక బిడ్డకు ఇలా జరుగుతుంది, అమ్మాయిల కంటే అబ్బాయిల్లో దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. పది మందిలో ఎనిమిది మందికి పెద్దపేగు చివరి కొద్ది భాగమే ఇలా ఉంటుంది, ఎందుకంటే ఆగిపోవడానికి ఎక్కువ అవకాశం దారి చివర్లోనే కదా. కారణం చాలావరకు జన్యువుల్లో ఉంటుంది, ముఖ్యంగా పైన చెప్పిన రెట్ జన్యువులోనో, దాన్ని నడిపించే భాగంలోనో వచ్చే తేడాల్లో. అవి ఎవరూ కావాలని తెచ్చుకునేవి కావు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కూడా ఈ జబ్బు మామూలు కంటే ఎక్కువగా వస్తుంది.

ఒక విషయం మీకు తెలిస్తే బాబుకు ఏం జరిగిందో స్పష్టంగా అర్థమవుతుంది. నరాలు లేని పేగు వదులుగా వేలాడుతుందని అనుకుంటాం, కానీ అక్కడ కండరం బిగుసుకునే ఉంటుంది. వదలమని చెప్పే నరకణాలు లేవు కాబట్టి. ఆ బిగుసుకున్న చోట దారి మూసుకుపోయి, దానికి పైన ఉన్న మంచి పేగు ఉబ్బిపోతుంది. డెన్మార్క్ పిల్లల వైద్యుడు హరాల్డ్ హిర్ష్‌స్ప్రంగ్ 1886లో ఈ జబ్బును వివరించినప్పుడు ఆయన దృష్టి ఉబ్బిన పేగు మీదే పడింది, అసలు లోపం కింద సన్నగా, మామూలుగా కనిపించే భాగంలో ఉందని వైద్యులు గట్టిగా నమ్మడానికి అర్ధ శతాబ్దానికి పైగా పట్టింది. 1948లో ఆర్వర్ స్వెన్సన్ ఆ సన్నని భాగాన్ని తీసేసి, నరాలున్న పేగును కిందికి లాగి కలిపే ఆపరేషన్ ప్రచురించారు. మీ బాబుకు చేసింది దానికి ఇప్పటి రూపమే అయి ఉంటుంది. అన్ని ఏళ్లపాటు ఎంతమంది పిల్లలు తప్పు చోట వైద్యం చేయించుకున్నారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

కొందరు విటమిన్-ఎ గురించి మీతో అనొచ్చు. ఎలుకల్లో విటమిన్-ఎ బాగా తగ్గినప్పుడు ఈ వలస దెబ్బతిన్న మాట నిజమే. అది చదివి ఎవరూ కడుపుతో ఉన్నప్పుడు సొంతంగా విటమిన్-ఎ మాత్రలు వేసుకోవద్దు, ఎక్కువైతే పిండానికి హాని చేస్తుంది. మళ్లీ బిడ్డ కావాలనుకుంటే జెనెటిక్ కౌన్సెలింగ్ ఇచ్చే డాక్టర్‌ను ఒకసారి కలవండి, బాబుకు పేగు ఎంత పొడవున దెబ్బతిన్నదో చూసి వాళ్లు మీకు సరిపోయే అంచనా చెప్పగలరు.

ఇంకొక్క మాట, ఇది మాత్రం మర్చిపోవద్దు. ఆపరేషన్ బాగా జరిగిన పిల్లల్లో కూడా కొందరికి తర్వాత పేగు వాపు రావచ్చు. పొట్ట బిగువుగా ఉబ్బడం, జ్వరం, విపరీతమైన వాసనతో ఒక్కసారిగా చిమ్మినట్టు నీళ్ల విరేచనాలు, బాబు నీరసంగా పడి ఉండడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లి, హిర్ష్‌స్ప్రంగ్ ఆపరేషన్ అయిందని ముందే చెప్పండి.

ప్రశ్న: పేగు నరాలకూ జుట్టు రంగుకూ సంబంధం ఉందని విన్నాను. నిజమా?

జవాబు: నిజమే. చర్మానికీ జుట్టుకూ రంగునిచ్చే కణాలు కూడా న్యూరల్ క్రెస్ట్ నుంచే వలస వెళ్తాయి, వాటికీ ఎండోథెలిన్-3 కావాలి. ఆ సందేశాన్ని అందుకునే జన్యువు రెండు ప్రతుల్లోనూ దెబ్బతిన్న గుర్రప్పిల్ల దాదాపు పూర్తిగా తెల్లగా పుడుతుంది, చూడటానికి ఎంతో ముద్దుగా ఉంటుంది, కానీ పేగులో నరాలుండవు, కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. తల్లిదండ్రులిద్దరిలోనూ దెబ్బతిన్న ప్రతి ఒక్కొక్కటి ఉంటేనే ఇలా జరుగుతుంది కాబట్టి జన్యు పరీక్ష చేయించి ఆ జత కలపకుండా చూసుకోవచ్చు. మనుషుల్లో వార్డెన్‌బర్గ్-షా సిండ్రోమ్ అని ఉంది, నుదుటి మీద తెల్ల జుట్టు పాయ, చెవుడు, హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు కలిసి వస్తాయి. అయితే తెల్ల వెంట్రుకలు ఉన్నంత మాత్రాన ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు.

ప్రశ్న: 14వ వారానికే పేగు తయారైపోతే, మా పాప 31 వారాలకు పుట్టినప్పుడు పాలు నోటితో కాకుండా ట్యూబ్‌తో, అదీ చుక్కలు చుక్కలుగా ఎందుకు పట్టారు?

జవాబు: తయారైంది అమరిక. కలిసి పనిచేయడం ఇంకా అలవాటు కాలేదు. బిడ్డ మూడో నెల నుంచే ఉమ్మనీరు మింగుతుంది, ఆ మింగిన దాంట్లోంచే పేగులో నల్లటి తొలి విరేచనం పోగవుతుంది. కానీ చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం ఒకదానికొకటి అడ్డు రాకుండా కుదిరేది సుమారు 34 వారాలకు. ఖాళీ పేగును ఊడ్చినట్టు పైనుంచి కిందికి సాగే అలలు కూడా దాదాపు అప్పుడే క్రమబద్ధం అవుతాయి. అంతకు ముందు కదలికలు ఉంటాయి గానీ ఇక్కడొకటి అక్కడొకటి అన్నట్టు విడివిడిగా ఉంటాయి. చుక్కలుగా పాలు పట్టింది కేవలం ఆకలి తీర్చడానికి కాదు. పేగుకు కొద్దిగా పాలు తగులుతుంటే దాని కదలిక త్వరగా కుదురుకుంటుంది. తల్లిపాలైతే మరీ మంచిది, నెలలు నిండని పిల్లల్లో వచ్చే ప్రమాదకరమైన పేగు జబ్బు ముప్పు తగ్గుతుంది. మీ పాప విషయంలో వాళ్లు సరైన పనే చేశారు.

ప్రశ్న: ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం. హిస్టాలజీ ప్రాక్టికల్స్‌లో అవర్‌బాక్ ప్లెక్సస్ చూపించమంటే నాకు ఎప్పుడూ దొరకదు. ఎలా వెతకాలి?

జవాబు: అందరూ చేసే పొరపాటు, స్లైడ్ పెట్టగానే పెద్ద లెన్స్‌కు వెళ్లిపోవడం. ముందు చిన్న లెన్స్‌లో రెండు కండర పొరలను గుర్తించండి. పేగును అడ్డంగా కోసిన స్లైడ్ అయితే లోపలి పొరలో కేంద్రకాలు పొడుగ్గా, వరుసగా పడుకున్నట్టు ఉంటాయి, బయటి పొరలో గుండ్రటి చుక్కల్లా ఉంటాయి, ఎందుకంటే ఆ కణాలను అడ్డంగా కోశారు. ఈ రెండు తీర్లూ కలిసే సరిహద్దు దొరికితే సగం పని అయినట్టే. ఇప్పుడు ఆ గీత వెంబడే స్లైడ్‌ను మెల్లగా జరుపుతూ వెళ్లండి. ఒక చోట గీత కాస్త ఉబ్బి, లేత రంగు దీవిలా విడిపోయి కనిపిస్తుంది. అక్కడ ఆగి పెద్ద లెన్స్ వేయండి. చుట్టూ ఉన్న వాటి కంటే పెద్ద కణాలు, ఊదా ఛాయ ఉన్న కణద్రవ్యం, ఒక పక్కకు జరిగిన పెద్ద లేత కేంద్రకం, దాని మధ్యలో కంటిపాపలా ఒక ముదురు చుక్క. అదే నరకణం. దాని చుట్టూ గుంపుగా ఉన్న చిన్న ముదురు కేంద్రకాలు గ్లియా కణాలవి, అంటే నరకణాలకు ఆసరాగా ఉండేవి. అవి కూడా మెడ దగ్గర నుంచి నడిచొచ్చినవే.

పైన రాసిన తల్లి బాబుకు బయాప్సీ చేసినప్పుడు పాథాలజిస్ట్ వెతికింది కూడా ఇలాంటి కణాల కోసమే. ఆ చిన్న ముక్కలో లోపలి పొర, దాని కింది పొర మాత్రమే ఉంటాయి కాబట్టి మీస్నర్ వలలో వెతుకుతారు. అప్పుడే పుట్టిన బిడ్డలో ఈ కణాలు ఇంత స్పష్టంగా ఉండవు, చిన్నగా, లేతగా ఉంటాయి. ఒక్క కణం కనిపించినా చాలు, ఆ చోటికి నరకణాలు చేరాయని చెప్పొచ్చు. లేవు అని చెప్పాలంటే మాత్రం పదుల కొద్దీ కోతలు ఒక్కొక్కటిగా చూడాలి. వచ్చే ప్రాక్టికల్‌లో తొందర పడకుండా ఆ గీత మొత్తం తిరిగి రండి, మీకు ఒకటి కాదు, అరడజను గుంపులు దొరుకుతాయి.